రంగుల పని జరుగుతున్న ఇంట్లో గర్భిణి: వాసనకు భయపడాలా, దుమ్ముకా?

ప్రశ్న: నాకు మూడో నెల. డాక్టరు గారి లెక్క ప్రకారం పదకొండు వారాలు. మరిది పెళ్లి దగ్గరపడిందని మా అత్తగారింట్లో రంగులు వేయిస్తున్నారు. గోడలకు వేసినప్పుడు పెద్దగా ఇబ్బంది అనిపించలేదు గాని, తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు ఎనామిల్ వేసిన నాలుగు రోజులూ తలనొప్పి, వికారం నన్ను వదల్లేదు. అత్తయ్య గారు ఉల్లిపాయలు కోసి గదుల్లో పెట్టించారు, సాంబ్రాణి కూడా వేశారు. కడుపులో బిడ్డకు ఏమైనా అయి ఉంటుందా? వెంటనే స్కాన్ తీయించుకోవాలా? పైగా హాలు తలుపులకున్న పాత రంగు గీకించి కొత్తది వేయిస్తామంటున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, నాలుగు రోజులు రంగు వాసన పీల్చినంత మాత్రాన బిడ్డకు హాని జరిగే అవకాశం చాలా తక్కువ. థిన్నర్‌లో ఉండే టొలుయిన్ వంటి ద్రావకాల వల్ల గర్భస్థ శిశువు దెబ్బతిన్నట్టు స్పష్టంగా తెలిసినది, మత్తు కోసం వాటిని కావాలని పదే పదే పీల్చిన తల్లుల విషయంలో. గాలి ఆడని చోట ఏళ్ల తరబడి ద్రావకాల మధ్య పనిచేసే స్త్రీలలో గర్భస్రావాల వంటి సమస్యలు కొంత ఎక్కువగా కనిపించాయని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. పక్క గదిలో తలుపులకు రంగు వేస్తుంటే ఇంట్లో తిరిగిన మీ పరిస్థితి ఈ రెండింటిలో దేనికీ దగ్గరగా లేదు. ఇందుకోసం ప్రత్యేకంగా స్కాన్ అవసరం లేదు. ఇప్పుడు చేయవలసిన మూడో నెల స్కాన్, ఆ తరువాత 18–20 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూడటానికి అందరికీ చేసే టిఫా స్కాన్ మానకుండా చేయించుకుంటే చాలు.

అయితే మీ తలనొప్పి ఉత్త భయం వల్ల వచ్చినది కాదు. గోడలకు వేసే ఎమల్షన్, డిస్టెంపర్ నీటితో కలిపేవి కాబట్టి వాటి నుంచి లేచే ఆవిరి తక్కువ. ఎనామిల్, వార్నిష్, చెక్క పాలిష్ వంటివి థిన్నర్‌తోనో టర్పెంటైన్‌తోనో పలుచన చేసేవి కావడం వల్ల, ఆరుతున్నంత సేపూ ఆ ద్రావకం గదిలోని గాలిలోకి చేరుతూనే ఉంటుంది. గర్భిణులలో చాలామందికి వాసనలు మరింత ఘాటుగా అనిపిస్తాయి కనుక ఇంట్లో మిగిలిన వారికి పట్టని వాసన కూడా మీకు కడుపులో తిప్పేస్తుంది. తల తిరిగినా, కళ్లు మండినా అది అక్కడి నుంచి బయటకు రమ్మని శరీరం చెబుతున్న మాటగా తీసుకుని ఆరుబయట కూర్చోండి. ఉబ్బసం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఉల్లిపాయల విషయంలో మీ అత్తయ్య గారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు గాని, గదిలోని ద్రావకపు ఆవిరిని ఉల్లిపాయ పీల్చుకోదు. సాంబ్రాణి ఒక వాసనను మరో వాసనతో కప్పి, దానికి తోడు పొగను కూడా చేరుస్తుంది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు కాబట్టి, కిటికీలు మూసి ఏసీ వేసుకోవడం ఇప్పుడు పనికిరాదు. ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒక దాని దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెడితే గాలి ధారాళంగా మారుతుంది. ముక్కుకు చీర కొంగు, మామూలు మాస్క్ ఆవిరిని ఆపలేవు. ఎన్-95 మాస్క్ సైతం దుమ్మునే ఆపుతుంది. మిగిలిన తలుపులకు నీటితో కలిపే ఎనామిల్ వాడమని మేస్త్రీకి చెప్పి చూడండి, అది కూడా దుకాణాల్లో దొరుకుతోంది.

ఇక మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పాత రంగు గీకించే పని, ఈ మొత్తంలో నన్ను నిజంగా కలవరపెట్టిన విషయం. ఇళ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి తయారీదారులకు వర్తించింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండి ఉండవచ్చు. తలుపు మీద గట్టిగా అతుక్కుని ఉన్నంత కాలం దానివల్ల ముప్పు తక్కువే. పొడిగా గీకినప్పుడు, ఎమరీ పేపర్‌తో రుద్దినప్పుడు, మంటతో కాల్చి ఊడదీసినప్పుడు మాత్రం ఆ సీసం సన్నని దుమ్ముగానో పొగగానో మారి ఊపిరితోను, చేతుల ద్వారా అన్నంతోను లోపలికి వెళుతుంది; తల్లి రక్తం నుంచి మాయను దాటి బిడ్డకు చేరి, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దీనికి వాసన ఉండదు. ఎనామిల్ వాసనకు ముక్కు మూసుకున్న వారే గీకుడు పని జరిగే చోట కూర్చుని కబుర్లు చెప్పడం నేను చూశాను.

కాబట్టి పాత రంగు గీకే రోజుల్లో మీరు ఆ ఇంట్లో ఉండవద్దు. సీమంతం తరువాత ఎలాగూ పుట్టింటికి వెళతారు. ఇప్పుడు ఒక పది రోజులు వెళ్లి రావడానికి పెళ్లివారింట్లో ఎవరూ తప్పు పట్టరనుకుంటాను, పడితే ఈ పేజీ చూపించండి. పనివారిని చెక్కను తడిపి రుద్దమనాలి. బియ్యం డబ్బాలు, నీళ్ల బిందెలు మూసి ఉంచాలి. పని అయ్యాక చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిపించి, కొత్త ఎనామిల్ వాసన పూర్తిగా పోయిన తరువాతే తిరిగి రండి. గోడలకు లప్పం పెట్టి రుద్దే దుమ్ములో సీసం ఉండకపోయినా, దగ్గు తెప్పిస్తుంది కాబట్టి దానికీ దూరంగా ఉండటం మేలు. చెదల మందు కొట్టించే ఆలోచన ఏదైనా ఉంటే ప్రసవం అయ్యేదాకా వాయిదా వేయమనండి.

ప్రశ్న: మా ఆయన ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. నాకు ఆరో నెల. మాది ఒకటే గది, థిన్నర్ డబ్బాలు మంచం కిందే ఉంటాయి. ఆయన పని బట్టలు నేనే ఉతుకుతాను. ఏమైనా ప్రమాదమా?
– పేరు వద్దన్న సోదరి, వరంగల్ జిల్లా

జవాబు: డబ్బాలను ఈ రోజే బయటకు మార్పించండి. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది, కింద పేరుకుంటుంది, పైగా త్వరగా అంటుకుంటుంది. పాత ఇళ్లలో గీకుడు పని చేసి వచ్చిన బట్టల్లో సీసపు దుమ్ము ఉంటుంది. వాటిని దులపకుండా ఆయనే నీళ్లలో నానబెట్టి విడిగా ఉతుక్కోవాలి, స్నానం చేశాకే లోపలికి రావాలి. కాల్షియం, ఐరన్ తక్కువగా ఉన్న శరీరం సీసాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఆ రెండు మాత్రలనూ మానకుండా, ఒకేసారి కాకుండా వేరువేరు వేళల్లో వేసుకోండి. తరువాతి పరీక్షకు వెళ్లినప్పుడు మీ వారి పని గురించి డాక్టరుకు చెప్పి, రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష అవసరమేమో అడగండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. వెళ్లేటప్పుడు ఆయన్ను కూడా తీసుకువెళ్లండి. ఆ దుమ్ము మీకంటే ముందు చేరేది ఆయన రక్తంలోకే.