ఊకతో, గడ్డితో థర్మల్ కేంద్రం నడుస్తుందా?

ప్రశ్న: ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, అక్కడి డ్రాక్స్ అనే పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఇప్పుడు కర్ర గుళికలతో నడుపుతున్నారని చెప్పాడు. పరవాడలోని సింహాద్రి కేంద్రాన్ని కూడా అలాగే మన జిల్లా వరిగడ్డితో, ఊకతో నడపవచ్చు కదా? గడ్డికి మంచి ధర వస్తుందని మా ఊళ్లో కొందరు ఆశపడుతున్నారు.
– ఒక రైతు, ఆమదాలవలస

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఉత్తర యార్క్‌షైర్‌లోని డ్రాక్స్ కేంద్రంలో సుమారు 660 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉండగా, 2013 నుంచి 2018 లోపు వాటిలో నాలుగింటిని కర్ర గుళికలకు, అంటే రంపపు పొట్టును గట్టిగా ఒత్తి చేసిన చిన్న బిళ్లలకు మార్చారు. 2023లో బొగ్గుకు పూర్తిగా స్వస్తి చెప్పారు. అయితే ఆ కర్ర యార్క్‌షైర్‌లో పండింది కాదు. అందులో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి ఓడలెక్కి వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక మద్దతు లేకపోతే ఆ లెక్క కుదిరేది కాదు.

బొగ్గు గుట్ట వానకు తడిసినా పెద్ద ఇబ్బంది లేదు. గుళిక సంగతి వేరు. ఒకదాన్ని గ్లాసు నీళ్లలో వేసి చూడండి, కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి రంపపు పొట్టుగా విడిపోతుంది. అందుకే డ్రాక్స్‌లో భారీ గుమ్మటాల వంటి గోదాములు కట్టి, పైకప్పున్న రైలు వ్యాగన్లు చేయించుకున్నారు. గుళికల నుంచి రాలే సన్నని పొడికి నిప్పురవ్వ తగిలితే పేలుడు కూడా జరగవచ్చు కనుక బొగ్గును పిండి చేసే మిల్లులను, బర్నర్లను, కన్వేయర్లను కూడా మార్చవలసి వచ్చింది.

ఇక మన దగ్గరి లెక్క చూద్దాం. సింహాద్రిలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఒక యూనిట్ కరెంటుకు మన దేశపు బొగ్గు సుమారు 700 గ్రాములు పడుతుందనుకుంటే, పూర్తి సామర్థ్యంతో నడిచే ఒక్క 500 మెగావాట్ల యంత్రమే రోజుకు 8,400 టన్నులు మింగుతుంది. వంద కిలోల వడ్లు ఆడిస్తే వచ్చే ఊక ఇరవై కిలోలు. ఊక వేడి బొగ్గు వేడి కంటే తక్కువే అయినా రెండూ సమానమే అనుకుందాం. అప్పుడు కూడా రోజుకు 42,000 టన్నుల వడ్లు ఆడించాలి. పైగా ఆ ఊక ఊరికే పడి లేదు. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లు, ఇటుక బట్టీలు ఇప్పటికే దాన్ని వాడుకుంటున్నాయి.

ఊకపొయ్యి వాడిన ఇళ్లలో ఆ బూడిదతోనే అంట్లు తోమేవారు. ఊకలో దాదాపు ఐదోవంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. మసి గిన్నెను తళతళలాడించిన ఆ గరుకుదనమే బాయిలర్ గొట్టాలను అరగదీస్తుంది. వరిగడ్డిది మరో చిక్కు. అందులోని పొటాషియం, క్లోరిన్ వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి గొట్టాలకు పెంకులా అంటుకుంటుంది, లోహాన్ని తినేస్తుంది. బొగ్గులో కొద్ది పాళ్లు కలిపి కాల్చితే ఈ బాధ అదుపులో ఉంటుంది. ఎన్టీపీసీ 2017లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ కేంద్రంలో అలాగే మొదలుపెట్టింది. 2024–25 నుంచి బొగ్గు కేంద్రాలు ఐదు శాతం పంట వ్యర్థాల గుళికలు కలపాలన్న కేంద్ర విధానం కూడా ఈ దారిలోనిదే. ఆ ఐదు శాతమే ఒక్క 500 మెగావాట్ల యంత్రానికి రోజుకు సుమారు 420 టన్నులు అవుతుంది.

కాబట్టి కొనేవాడు అసలు రాడని నేను అనను. అయితే మన జిల్లాలో వరిగడ్డి వృథా వస్తువు కాదు, పశువుల మేత. వరి కోతకు ముందే మినుమో పెసరో చల్లిన మడిలోకి గడ్డి కట్టలు కట్టే యంత్రాన్ని దింపితే మొలకలు నలిగిపోతాయి. గడ్డి కంటే, కంకులు విరిచాక చేలోనే తగలబెడుతున్న మొక్కజొన్న చొప్పను అమ్మజూపడం మేలని నా అభిప్రాయం. బేరమాడేటప్పుడు తేమ శాతానికి ఎంత కోత పెడతారో, మడి నుంచి గుళికల మిల్లు దాకా రవాణా ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి. పరవాడ మీకు వంద కిలోమీటర్లకు పైనే. బోలు గడ్డి నింపిన ట్రాక్టరుకు చూపులకు కొండంత లోడు కనిపించినా, తూకంలో తేలిపోతుంది.

ప్రశ్న: కర్ర కాల్చినా పొగే వస్తుంది. మరి దీనిని పర్యావరణానికి మేలు అని ఎలా అంటున్నారు?
– ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: పొగగొట్టం దగ్గర కొలిస్తే మేలేమీ కనిపించదు, యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో సమానంగానో, ఇంకాస్త ఎక్కువగానో ఉంటుంది. అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో మాత్రం ఆ కార్బన్‌ను విద్యుత్ కేంద్రం పద్దులో వేయరు, చెట్టు నరికిన దేశపు భూమి, అడవుల పద్దులో వేస్తారు. చెట్టు మళ్లీ పెరిగి దాన్ని పీల్చుకుంటుందన్నది వాదన. వాదన తప్పు కాదు, ఎంతకాలానికి అన్నదే తగాదా. గడ్డి, చొప్ప అయితే మరుసటి పంటకే తిరిగి పీల్చుకుంటాయి, ముదురు అడవికి దశాబ్దాలు పడుతుంది. మన తీరంలో వేసే సరుగుడు నాలుగైదేళ్లకే కోతకు వస్తుంది కనుక ఆ బాకీ త్వరగానే తీరుతుంది. కాకపోతే ఆ కర్రను కాగితపు మిల్లులు ఇప్పటికే కొంటున్నాయి, విద్యుత్ కేంద్రం వాటికి మించిన ధర ఇవ్వవలసి ఉంటుంది.