పాఠకుల ప్రశ్నలు: సమన్వయ లోపానికి ఏ కోడ్, ఎప్పుడు?

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, బూట్ల లేసులు కట్టుకోవడం ఇప్పటికీ రావు. నాలుగు వాక్యాలు రాసేసరికి చెయ్యి నొప్పి అంటాడు. మొదట చూసిన డాక్టర్ రిపోర్టులో ఆర్27.8 అని రాశారు. కొన్ని నెలల తరువాత పరీక్షలన్నీ చేసిన నిపుణురాలు ఎఫ్82 అని రాశారు. జబ్బు మారిందా, లేక మొదటి రిపోర్టు తప్పా?
— ఒక తల్లి

జవాబు: రెండూ కావు. జబ్బులకూ లక్షణాలకూ కోడ్‌లు ఇచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఐసీడీ-10లో ఆర్ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు లక్షణాలకూ, పరీక్షలో కనబడిన విషయాలకూ కేటాయించినవి. బాబు కదలికల్లో పొందిక లేదని మొదటి డాక్టర్ గమనించారు. కారణం ఇంకా తేలలేదు కనుక లక్షణం దగ్గరే ఆగారు. అలా ఆగడం నిజాయితీగల పని. అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం నియమాలైతే, అవుట్‌పేషెంట్ రికార్డులో ‘అనుమానం’, ‘కావచ్చు’ అని రాసిన జబ్బుకు కోడ్ వేయకూడదని, అప్పటికి తెలిసిన లక్షణానికే వేయాలని స్పష్టంగా చెబుతాయి.

ఎఫ్82 మాత్రం నిర్ధారణ. కదలికల సమన్వయం ఎదుగుదలలోనే వెనకబడిన స్థితికి, అంటే డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్‌కు అది చెందుతుంది. ఆ కోడ్ కింద ఆర్26 (నడకలో తేడాలు), ఆర్27 (కదలికల్లో పొందిక లేకపోవడం) వర్గాలను మినహాయింపులుగా చూపారు కాబట్టి, ఇకమీదట ఇదే ఇబ్బందికి రెండు కోడ్‌లనూ పక్కపక్కన రాయకూడదు. పాత రిపోర్టును దిద్దించవలసిన అవసరం లేదు, అది ఆ తేదీ నాటికి సరైనదే. దాన్ని పారేయకుండా కొత్తదానితో కలిపి దాచండి.

ప్రశ్న: నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. నోటులో ‘డిస్‌ప్రాక్సియా’ (కదలికలను పొందికగా చేయలేకపోవడం) అనీ, పిల్లల కదలికల నైపుణ్యాన్ని కొలిచే ఎంఏబీసీ-2 పరీక్షలో వచ్చిన పర్సెంటైల్ ఇంత అనీ రాసి పంపుతాను. నోట్లు చదివి కోడ్‌లు వేసే కోడింగ్ విభాగం తరచుగా వివరణ కోరుతూ వెనక్కి పంపుతోంది. ఇంకేమి రాయాలి?

జవాబు: ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. ఐసీడీ-10 అకారాది సూచికలో ‘డిస్‌ప్రాక్సియా’ అని మాత్రమే వెతికితే ఆర్27.8 దగ్గరికి, ‘డెవలప్‌మెంటల్’ అనే విశేషణం ఉంటే ఎఫ్82 దగ్గరికి చేరుతాం. మీరు ఆ ఒక్క మాట వదిలేస్తే కోడర్ దాన్ని తనంతట తానుగా ఊహించి చేర్చకూడదు. వారు వెనక్కి పంపడం మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. ‘అప్రాక్సియా’ అని రాస్తే మరీ దూరం పోతుంది. దాని కోడ్ ఆర్48.2, సాధారణంగా మెదడుకు దెబ్బ తగిలి, అంతకుముందు వచ్చిన పనిని చేయలేకపోయిన స్థితికి వాడే మాట అది.

ఇక పర్సెంటైల్. అయిదో పర్సెంటైల్ అంటే నూటికి అయిదు మార్కులని చాలామంది తల్లిదండ్రులు అనుకొని కుమిలిపోతారు. అదే వయసు పిల్లలు వందమందిలో సుమారు తొంభై అయిదుగురు ఇంతకంటే బాగా చేశారన్నదే దాని అర్థం, ఈ వాక్యం రిపోర్టులో ఉండి తీరాలని నా అభిప్రాయం. ఎంఏబీసీ-2లో అయిదో పర్సెంటైల్, అంతకు తక్కువ వస్తే గణనీయమైన ఇబ్బందిగా లెక్కిస్తారు. అయితే స్కోరు ఎంత తక్కువైనా ఒంటరిగా నిర్ధారణ కాదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథం) నాలుగు షరతులు పెట్టింది: ఒకటి, వయసుకూ, నేర్చుకునే అవకాశానికీ తగిన నైపుణ్యం లేకపోవడం; రెండు, అది రోజువారీ పనులకూ చదువుకూ అడ్డుపడటం; మూడు, చిన్ననాటే మొదలవడం; నాలుగు, చూపు లోపం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత వంటివి ఇంతకంటే బాగా వివరించకపోవడం. వీటిలో మొదటిదానికి మాత్రమే మీ స్కోరు సాక్ష్యం.

రెండో షరతు దగ్గరే నోట్లు బలహీనపడుతుంటాయి. ‘రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉంది’ అన్న వాక్యం ఏ పిల్లవాడికైనా అతుకుతుంది. ‘అయిదు గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది, రెండింటికి సాయం కావలసి వచ్చింది, తరగతిలో బోర్డు మీది పాఠాన్ని సగం మాత్రమే ఎక్కించుకోగలుగుతున్నాడని ఉపాధ్యాయురాలు చెప్పారు’ అని రాస్తే, ఆ పిల్లవాడు కళ్లముందుకు వస్తాడు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో విడివిడిగా రాయండి. పిల్లవాడికి ఆ పని నేర్చుకునే అవకాశం ఇచ్చారా అన్నదీ అడగాలి. ఎప్పుడూ తల్లే గుండీలు పెడుతుంటే, రాకపోవడానికి కారణం అలవాటు లేకపోవడమే కావచ్చు.

నాలుగో షరతు డాక్టర్ నరాల పరీక్షతో, చూపు పరీక్షతో తీరాలి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఇంతకుముందు వచ్చిన పని ఇప్పుడు రావడం లేదని తల్లిదండ్రులు చెబితే ఎఫ్82 ఆలోచన పక్కన పెట్టి, బిడ్డను వెంటనే డాక్టర్‌కు చూపించండి. సమన్వయ లోపం ఉన్న పిల్లలు ఆలస్యంగానైనా నేర్చుకుంటారే గాని, నేర్చుకున్నది పోగొట్టుకోరు. అయిదేళ్లు నిండని పిల్లల్లో ఎదుగుదల వేగం చాలా తేడాగా ఉంటుంది కనుక, ఆ వయసులో సాధారణంగా నిర్ధారణకు తొందరపడరు.

ప్రశ్న: ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉంటే రెండు కోడ్‌లూ వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ఈ రెండూ కలిసి రావడం చాలా సాధారణం. ఎఫ్90 వర్గంలోని కోడ్, ఎఫ్82 రెండూ రాయండి, కాని ఒకదాని సాక్ష్యంతో రెండోదాన్ని నిలబెట్టవద్దు. దూకుడుగా పరుగెత్తి పడిపోయే పిల్లవాడు వేరు, నింపాదిగా నడుస్తూ కూడా తలుపుకు తగిలేవాడు వేరు. ఏ పరిస్థితిలో పడ్డాడో నోటు చెప్పాలి.

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు. ఇప్పుడు పరీక్ష చేయించుకుంటే పిల్లల కోడ్ వేస్తారా? ఐసీడీ-11 వస్తే మారుతుందా?

జవాబు: పెద్దవారికీ అదే కోడ్, ‘డెవలప్‌మెంటల్’ అన్నది మొదలైన కాలాన్ని సూచిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో ఇది 6ఏ04. మీ ఆస్పత్రి ఏ కూర్పు వాడుతుంటే ఆ కోడే రాస్తారు, రెండింటినీ కలపరు. మీ విషయంలో కష్టమైనది మూడో షరతు. పాత పాఠశాల రిపోర్టులు, చేతిరాత పుస్తకాలు, సైకిల్ ఎప్పుడు నేర్చుకున్నారో గుర్తున్న అమ్మ లేదా అక్క మాట, ఇవన్నీ పనికివస్తాయి. ఆ మాట చెప్పినవారు మీకు ఏమవుతారో, ఆ సంఘటన నాటికి మీ వయసెంతో నోటులో నమోదు చేయమని అడగండి.