బేస్‌బాల్‌లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది మెట్టు)లో దంచి కొడుతున్న కుర్రాడిని కూడా ఒక్కోసారి టాప్ ప్రాస్పెక్ట్ (రేపు పెద్ద ఆటగాడు అవుతాడని ఆశ పెట్టుకున్నవాడు) అనరు, ఎందుకు?

ఎందుకంటే అంకెల కంటే ముందు వయసు చూస్తారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు ఒక్కోదానికీ కింద సింగిల్-ఎ నుంచి ట్రిపుల్-ఎ దాకా అనుబంధ జట్లు ఉంటాయి. ఫార్మ్ సిస్టమ్ అంటే ఇదే. డబుల్-ఎలో 20 ఏళ్లవాడి .270 బ్యాటింగ్ సగటు (అంటే వెయ్యి అవకాశాల్లో 270 హిట్లు), అదే లీగ్‌లో 25 ఏళ్లవాడి .310 కన్నా ఎక్కువ ఆశ పుట్టిస్తుంది. చిన్నవాడు తనకన్నా పెద్దవాళ్లను ఎదుర్కొని మరీ కొడుతున్నాడు, పైగా ఒళ్లు ఇంకా గట్టిపడే వయసు.

మైదానం కూడా చూడాలి. ట్రిపుల్-ఎ జట్టున్న అమెరికా నగరం అల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది. గాలి పల్చన, బంతి ఇంకాస్త దూరం పోతుంది. అక్కడి హోమ్ రన్లను (బంతి మైదానం దాటించే షాట్లను) కొంచెం తగ్గించి లెక్కేసుకోవడం మంచిది.

స్కౌట్లు (ఆటగాళ్లను చూసి అంచనా వేసేవాళ్లు) 20 నుంచి 80 మధ్య మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాటింగ్, పవర్, పరుగు, ఫీల్డింగ్, త్రో ఒక్కోదానికీ రెండేసి మార్కులు: ఇప్పుడెంత, రేపు ఎంత కాగలదు. పేచీ అంతా ఆ రెండోదాని దగ్గరే.

నేనైతే ముందు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్ కావడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే బేస్‌కి వెళ్లడం) చూస్తాను. సగటులో అదృష్టం పాలు ఎక్కువ. స్ట్రైక్ జోన్ (బంతి సరైనదిగా లెక్కించే హద్దు) బయటికి జారిపోయే స్లైడర్ అనే వంపు బంతికి బ్యాట్ ఊపే అలవాటున్నవాడు మాత్రం పై లెవెల్‌కి వెళ్లేకొద్దీ దొరికిపోతాడు.

ఇంత చూసినా గురి తప్పుతుంది. మైక్ పియాజాను 1988 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 62వ రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 2016లో ఆయన బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.