పాపాయి ఆల్బమ్‌కి కార్డులు

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపాయి ఆల్బమ్ కోసం నువ్వు కంప్యూటర్‌లో చేసి పంపిన మూడు కార్డులూ చూశాను. రంగులు బాగా కుదిరాయి. కానీ ఒక్క మాట, ఏమీ అనుకోకు. వాటిలో రాసుకోవడానికి చోటే లేదు. కొన్న డిజిటల్ కిట్‌లో, అంటే అలంకారానికి అమ్మే ఆ బొమ్మల ఫైళ్లలో ఉన్న పువ్వులు, రిబ్బన్లు, గుండీలు, సీతాకోకచిలుకలు అన్నీ ఒక్క కార్డు మీదికే ఎక్కించేశావు. డబ్బులు పెట్టి కొన్నాం కదా, వాడకపోతే ఎలా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే ఉండేది. పాపాయి మొదటి అడుగు ఏ రోజు వేసిందో, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో రాయాలంటే పెన్ను ఎక్కడ పెడతావు? ముందు రాతకు చోటు వదులు. సగం కార్డు వదిలినా తప్పులేదు. మిగిలిన చోటే అలంకారానికి. ఒక పువ్వు, దాని కింద ఒక ఆకు చాలు.

ఇక కొలతలు. నీ ఆల్బమ్ జేబులు 4x6 అంగుళాలవి కాబట్టి ఒక్కో దాంట్లో ఒక పెద్ద కార్డు గానీ, 3x4 చిన్న కార్డులు రెండు గానీ పడతాయి. ఫైల్ తెరిచేటప్పుడే రిజల్యూషన్ 300 పెట్టుకో, అంగుళానికి 300 పిక్సెళ్లన్నమాట. అప్పుడు చిన్న కార్డుకి 900x1200 పిక్సెళ్లు, పెద్దదానికి 1200x1800. తక్కువలో చేసి తర్వాత పెంచితే ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, ప్రింట్‌లో మాత్రం అలుక్కుపోయినట్టు వస్తుంది.

కిట్‌లో వచ్చే డిజిటల్ పేపర్లు మామూలుగా 12 అంగుళాల చదరాలు, 3600 పిక్సెళ్లవి. నువ్వు అందులోంచి ఒక మూల కత్తిరించి కార్డులో పెట్టావు కదా, అందుకే గులాబీలు క్యాబేజీల్లా ఉన్నాయి. పేపర్‌ని సగానికో, ఇంకా తక్కువకో కుదించి అప్పుడు పెట్టు. కుదించడానికి భయం లేదు, పెంచడానికే. పువ్వుల కింద వేసే నీడలు కూడా సన్నగా, అన్నీ ఒకే వైపు పడేలా ఉండాలి. పువ్వు నీడ ఎడమకీ, రిబ్బన్ నీడ కుడికీ పడితే ఇంట్లో ఇద్దరు సూర్యులున్నట్టు ఉంటుంది!

తెలుగు అక్షరాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు వీడియోల్లో ఇది ఎవరూ చెప్పరు. నా మొదటి కార్డు మీద ‘అన్నప్రాసన’ అని టైప్ చేస్తే ‘అన్‌నప్‌రాసన’ అని పడింది. అది ఫాంట్ తప్పు కాదు, ఒత్తులు కలపడం ఆ సాఫ్ట్‌వేర్‌కి చేతకాలేదు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అలా విరిగితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. నేను వాడే జింప్ కూడా ఫొటోషాప్ లాంటిదే, ఉచితం, అందులో నాకు ఆ గొడవ లేదు. ఫాంట్లకు డబ్బులు పెట్టకు. సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్లు విడుదల చేసినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, చిన్న రాతకు మండలి నాకు ఇష్టం. లైన్ల మధ్య దూరం మాత్రం ఇంగ్లీషుకి పెట్టినదానికన్నా పెంచు. లేకపోతే పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడిని గుద్దుకుంటుంది.

ఇంకో పని చెప్తాను. అన్నీ కిట్‌లోంచే తీసుకోవాలని ఎక్కడుంది? మీ అమ్మమ్మ నాకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఉన్నాయి కదా. ఒకదాన్ని 600 రిజల్యూషన్‌తో స్కాన్ చేశాను. రంగు తీసేసి, వెలుతురు సరిచేసే లెవెల్స్‌లో తెలుపు జరిపితే ఆ నీలం కాగితం తెల్లబడి, అక్షరాలు నల్లగా నిలిచాయి. ఆ స్కాన్‌ని ఒక లేయర్‌గా, అంటే పొరగా, కిట్ పేపర్ మీద పెట్టి దాని మోడ్ మల్టిప్లైకి మారిస్తే తెలుపంతా మాయమై, ‘పిల్ల జాగ్రత్త’ అన్న ఆవిడ రాత పూలకాగితం మీదే రాసినట్టు వచ్చింది. మీ పెదనాన్న చూసి చాలాసేపు మాట్లాడలేదు. నీ పెళ్లి మంగళగిరి చీర అంచు కూడా ఇలాగే స్కానర్ మీద పరిచి తియ్యి. కార్డు అడుగున ఒక పట్టీగా వేస్తే అంతకన్నా రిబ్బన్ ఎందుకు?

ప్రింట్ దగ్గర నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. షాపులో కుర్రాడు ‘ఫిట్ టు పేజ్’ నొక్కేశాడు, ఇరవై నాలుగు కార్డులు కొంచెం కొంచెం చిన్నవై జేబుల్లో అటూ ఇటూ జారాయి. పక్కన నిలబడి, 100 శాతం సైజు అని చెప్పి, ముందు మామూలు కాగితం మీద ఒక షీటు తీయించి స్కేలుతో కొలువు. తర్వాతే మందం కాగితం, 200 నుంచి 250 జీఎస్ఎమ్, మ్యాట్. గ్లాసీ మీద జెల్ పెన్ను ఆరదు, చెయ్యి తగిలితే పులుముకుంటుంది. ఫొటో ల్యాబ్‌కి ఇస్తే రెండు చిన్న కార్డులు ఒకే 4x6 ఫైల్‌లో పక్కపక్కన పెట్టు, ఒక ఫొటో ఖర్చులో రెండూ వస్తాయి. ల్యాబ్‌లో అంచులు కాస్త తెగుతాయి కాబట్టి చుట్టూ గీత వేయకు, అక్షరాలు అంచు నుంచి 4 మిల్లీమీటర్లు లోపలికి ఉంచు. కత్తెర వద్దు, స్టీలు స్కేలు, కట్టర్ వాడు. ఆల్బమ్ కవర్లు పీవీసీవి కాకుండా పాలీప్రొపిలీన్‌వి అడుగు. పీవీసీ కాలక్రమేణా ఫొటోలను పాడుచేస్తుంది.

మీ ఆఫీసులో అమ్మాయి కిట్ ఫైళ్లు పంపమందన్నావు. పంపకు. కిట్ షరతుల్లో పర్సనల్ యూజ్ అంటే ఆ ఫైళ్లు నీ వరకే. కావాలంటే ఆ అమ్మాయికి ఒక కార్డు ప్రింట్ చేసి చేతికివ్వు.

మూడు కార్డుల్లో అన్నప్రాసనది ఒక్కటే మళ్లీ చెయ్యి, మిగతావి అలాగే ఉంచు. ఆ ఫొటోలో పాప కట్టుకున్న పట్టుపావడా ఎరుపునే, ఫొటోలోంచి రంగు పట్టే డ్రాపర్‌తో తీసి శీర్షికకు వాడు. మీ అమ్మమ్మ ఉత్తరం స్కాన్ ఈ ఆదివారం పంపిస్తాను. పెద్ద ఫైలు, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, మెయిల్ చూసుకో.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ