ఏ దృష్టీ లేని శుక్రుడు పనిచేయడా? నా బుధుడి సంగతి చెబుతాను

మీరు అడిగింది ఇది: సాయన (పాశ్చాత్యుల) పద్ధతిలో వేయించిన జాతకంలో శుక్రుడికి ఏ గ్రహంతోనూ దృష్టి, అంటే నిర్ణీత కోణ దూరంతో ఏర్పడే లంకె, లేదు, ‘ఇక ఆ గ్రహం పనిచేయదు, పెళ్లి కష్టమే’ అని ఎవరో అన్నారు, అది నిజమేనా అని. నా జాతకంలో బుధుడిదీ ఇదే పరిస్థితి. పదేళ్లుగా గమనిస్తున్నాను. పనిచేయకపోవడం కాదు దాని సమస్య, చెప్పాపెట్టకుండా పనిచేయడం.

టెన్షన్ పడేముందు సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ చూడండి. 0, 60, 90, 120, 180 డిగ్రీల దూరాలనే ముఖ్యమైన దృష్టులుగా లెక్కేస్తారు. కచ్చితంగా అంతే ఉండక్కర్లేదు, కొంత అటూఇటూ వదులుతారు. దాన్నే ఆర్బ్ అంటారు. ఒకరు 8 డిగ్రీలు వదిలితే, ఇంకొకరు 5 దగ్గరే ఆపేస్తారు. 5 పెట్టి చూస్తే ఒంటరిగా కనిపించిన గ్రహానికి 8 పెట్టగానే చుట్టాలు బయటపడతారు! పైగా శుక్రుడు సూర్యుడికి 48 డిగ్రీలకు మించి దూరం వెళ్లడు. అంటే సూర్యుడితో ఆయనకు కుదిరే ముఖ్యమైన దృష్టి 0 డిగ్రీల కలయిక ఒక్కటే. బుధుడైతే 28 డిగ్రీలు కూడా దాటడు. వీళ్లిద్దరికీ దృష్టి తప్పిపోవడం అంత వింతేమీ కాదు.

నా బుధుడు మిథునంలో 27 డిగ్రీల దగ్గర, సూర్యుడు కర్కాటకంలో 14 దగ్గర. మధ్యలో 17 డిగ్రీలు, ఏ ఆర్బ్‌కూ అందదు. బుధుడంటే మాట, రాత, లెక్క కదా. ఒకసారి ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన పని గురించి రెండు నిమిషాలు చెప్పండి’ అన్నారు. మూడేళ్లు చేసిన పని. నోట్లోంచి ఒక్క వాక్యం రాలేదు, ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసునే చూస్తూ కూర్చున్నా. అదే రోజు రాత్రి పన్నెండింటికి లేచి, ఆ జవాబును నాలుగు పేజీలు రాశాను, ఒక్క కొట్టివేత లేకుండా. వస్తే వరద, లేకపోతే పొడి కాలువ. మిగతా గ్రహాలతో లంకె ఉంటే శని కాస్త ఆపేవాడు, కుజుడు కాస్త తోసేవాడు. ఇక్కడ ఆ రెండూ లేవు. బలానికి లోటు లేదు, సొంత రాశిలోనే ఉన్నాడు. పగ్గం లేదంతే. జాతకం చూసి చెప్పిన ఒక ఆయన మాత్రం ‘మీకు చదువబ్బదు’ అని తేల్చేశారు. అప్పటికే నా డిగ్రీ అయిపోయింది.

ఇంకో సంగతి. ఇదే జాతకాన్ని మన నిరయన పద్ధతిలో, అంటే నక్షత్రాల ఆధారంగా వేస్తే, రెండు పద్ధతుల మధ్య తేడా అయిన అయనాంశ కింద ప్రతి గ్రహానికీ దాదాపు 24 డిగ్రీలు తగ్గుతాయి. అప్పుడు నా సూర్యుడు కూడా మిథునంలోకే వచ్చి బుధుడి పక్కన కూర్చుంటాడు. మన లెక్కలో దృష్టులు ఎక్కువగా రాశిని బట్టే కాబట్టి, అక్కడ ఏకాకి అయిన బుధుడికి ఇక్కడ బుధాదిత్య యోగం, అంటే బుధుడు, సూర్యుడు ఒకే రాశిలో ఉండే శుభయోగం! గ్రహాల మధ్య దూరం మాత్రం రెండింట్లోనూ ఆ 17 డిగ్రీలే. అందుకే రెండు పద్ధతులనూ కలిపి చదవొద్దంటాను. ఒకదాంట్లో దోషం వెతికి ఇంకోదాంట్లో పరిహారం అడిగితే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

మీ శుక్రుడి విషయంలో నేనైతే దృష్టి లేదన్న మాట పక్కన పెట్టి, ఆయన ఏ భావంలో (జాతకంలోని పన్నెండు ఇళ్లలో ఏ ఇంట్లో) ఉన్నాడు, వృషభ తులా రాశులు మీకు ఏయే భావాలయ్యాయి, ఆయన ఉన్న రాశికి అధిపతి ఎక్కడున్నాడు అని చూస్తాను. లంకెలన్నీ తెగిపోలేదు, ఆ దారుల్లో ఉంటాయి. పెళ్లి కాదని దీన్నొక్కదాన్నే పట్టుకుని చెప్పడం నాకు నచ్చదు. నిజానికి ఈ శాస్త్రం మీద నా నమ్మకం కూడా సగమే, కానీ నన్ను నేను గమనించుకోవడానికి మాత్రం పనికొచ్చింది.

గోచారంలో, అంటే ఇప్పుడు ఆకాశంలో నడుస్తున్న గతిలో, చంద్రుడు సుమారు 27 రోజులకోసారి మీ శుక్రుడున్న డిగ్రీ మీదుగా వెళ్తాడు. ఓ నాలుగైదు నెలలు ఆ రోజు ముందూవెనకా ఏం జరిగిందో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. నా నోట్‌బుక్‌లో అలాంటి రోజుల్లో సగం ఖాళీగానే ఉన్నాయి. మిగతా సగంలో చేతిరాత గుర్తుపట్టలేనంత వేగంగా ఉంది.