బోల్టులే కదా అనుకోకు

చిరంజీవి మేనల్లుడికి,

యాంటెన్నా టవర్‌కి యాంగిళ్లు, అదే ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు, దిగాయనీ, ఇక బోల్టులే కదా కొనాల్సిందనీ రాశావు. ఆ 'బోల్టులే కదా' చూసే ఈ ఉత్తరం.

నా మొదటి టవర్‌కి నేనూ అలాగే అనుకున్నాను. తళతళ మెరుస్తుంటే ముచ్చటపడి కొనేశాను. మూడో వానాకాలం దాటాక యాంటెన్నా దించుదామని పైకెక్కితే ఒక్క నట్టూ కదల్లేదు. తుప్పు నట్టునీ బోల్టునీ ఒకటి చేసేసింది. బెల్టుకి వేలాడుతూ ఒక్కోదాన్నీ హాక్సాతో కోశాను, ఎర్రటి పొడి కళ్లల్లో రాలుతుంటే. ఆ మెరుపంతా ఎలక్ట్రోప్లేటింగ్. అందులో జింకు పూత సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లే, మైక్రానంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. కరిగిన జింకులో ముంచి తీసే హాట్ డిప్ బోల్టుకి 40, 50 మైక్రాన్లు ఉంటుంది. బూడిదరంగులో, కాస్త గరుకుగా, ఏమంత అందంగా ఉండదు. నువ్వు అదే అడుగు.

నట్లు కూడా వాటి జతవే తీసుకో. పూత మందం కాబట్టి ఆ నట్ల మరని, అంటే లోపలి చుట్ల గాడిని, కాస్త వదులుగా కోస్తారు. మామూలు నట్టు ఈ బోల్టుకి ఎక్కదు, ఈ నట్టు మామూలు బోల్టుని సరిగా పట్టదు. బోల్టు తల మీద గ్రేడ్ అంకె చూడు, దాని బలం చెప్పేది అదే. డ్రాయింగులో 8.8 అంటే 8.8 తే. ఇంకా గట్టిదని 12.9 తెచ్చి జింకులో ముంచించకు. అంత గట్టి ఉక్కులో హైడ్రోజన్ చేరితే చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

స్టెయిన్‌లెస్ సంగతి అడిగావు. డ్రాయింగులో లేకపోతే టవర్ కాళ్లకి వద్దు, దాని బలం లెక్క వేరు. యాంటెన్నా బూమ్‌ని, అదే దాని అడ్డ గొట్టాన్ని, పట్టి ఉంచే క్లాంపులకైతే భేషుగ్గా ఉంటుంది. ఉప్పుగాలి తగిలే చోట 304 రకం కాదు, 316 రకం కొను. తల మీద A4 అని ఉంటుంది. దీంతో ఒకటే తలనొప్పి: స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తుంటే సగంలో పట్టేస్తుంది, ఇక ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మర పట్టేయకుండా యాంటీ సీజ్ అనే పేస్ట్ పూసి, చేత్తో నెమ్మదిగా తిప్పు. డ్రిల్లు పెట్టి గిర్రున తిప్పేవాణ్ణి దగ్గరికి రానీయకు. పేస్ట్ పూశాక పొడి మరకి చెప్పిన టార్క్, అంటే బిగించే బలం, పెట్టావంటే అతిగా బిగుసుకుంటుంది, అదీ గుర్తుంచుకో.

ఎర్తింగ్ రాగి తీగని టవర్ కాలికి నేరుగా చుట్టకు. తడి తగిలితే రాగి పక్కన జింకు తినేసినట్టు పోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ క్లాంప్ పెట్టు.

లెక్కకన్నా ఓ పదో పదిహేనో ఎక్కువే కొను. పైనుంచి జారిన నట్టు గడ్డిలో దొరకదు. జాబితా రాసి పంపు, డబ్బు కట్టేముందు ఓసారి చూస్తాను.

నీ మామయ్య