టాక్‌బ్యాక్‌ను కాదు, దాని పక్కన దూరిన యాప్‌ను ఆపండి

ప్రశ్న: మా అమ్మమ్మ ఫోన్ రాత్రి నుంచి ఏది ముట్టుకుంటే అది చదువుతోంది. నొక్కితే తెరుచుకోదు, స్క్రీన్ జరగదు, కాల్ వస్తే ఎత్తలేం. షాపులో చూపిస్తే ఫ్లాష్ చేయాలన్నారు. చేయించమంటారా? (కావలి)

వద్దు. ఈ ఉత్తరం ఊరు మారి, పేరు మారి వస్తూనే ఉంటుంది. ఫోన్ చెడిపోలేదు. కంటిచూపు లేనివారికి స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ అయింది, అంతే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఆన్ అవుతుంది. చేతిసంచిలో ఫోన్ గట్టిగా ఒత్తుకున్నా చాలు. మళ్లీ అలాగే పట్టుకుంటే పోతుంది. పోకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలి. అయితే టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తడితే ఎంపిక మాత్రమే అవుతుంది, తెరవడానికి వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. స్క్రీన్ జరపడానికి రెండు వేళ్లు వాడాలి. కాల్ వస్తే రెండు వేళ్లు కలిపి రెండుసార్లు తడితే చాలు, కొత్త వెర్షన్లలో ఎత్తడానికీ పెట్టేయడానికీ అదే. అమ్మమ్మకు టాక్‌బ్యాక్ అక్కర్లేకపోతే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఆ షార్ట్‌కట్‌నే తీసేయండి.

మూడు సెకన్ల పనికి ఫోన్ ఫ్లాష్ చేసి ఫోటోలూ నంబర్లూ తుడిచేసే షాపులవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. నడిరోడ్డులో ఫోన్ మూగబోయిన అంధుడు సాయానికి వచ్చేదీ వాళ్ల దగ్గరికే. ఫోన్లు బాగుచేసేవారికి ఇది మొదటి రోజే తెలియాల్సిన సంగతి.

ప్రశ్న: నాకు చూపు లేదు. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నా, ఫోన్ మొత్తం టాక్‌బ్యాక్‌తోనే వాడతా. ఈ మధ్య అప్‌డేట్ అయ్యాక బ్యాంకు యాప్ తెరవగానే 'యాక్సెసిబిలిటీ సర్వీస్ ఆన్‌లో ఉంది, ఆపితేనే ముందుకు' అంటోంది. అది ఆపితే నాకేం వినపడుతుంది? ఇంకో సంగతి, గ్రూపులో పెళ్లి పత్రిక అని వచ్చిన ఫైలు నొక్కాను. ఏవేవో పర్మిషన్లు అడిగితే ఇచ్చాను గానీ పత్రిక రాలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా? (సింగరాయకొండ)

మీరు చివర్లో అడిగినదే ముందు చూడాలి. సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. ఇది చదివి వినిపిస్తున్నవారు ఇప్పుడే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, ఆ తర్వాత మిగతాది చదవండి.

టాక్‌బ్యాక్ మీకు స్క్రీన్ చదివి వినిపించాలంటే స్క్రీన్ మీద ఉన్నదంతా దానికి తెలియాలి, మీరు రెండుసార్లు తడితే మీ తరఫున బటన్ నొక్కగలగాలి. అందుకే యాక్సెసిబిలిటీ అనుమతికి అంత బలం ఉంది. ఇదే అనుమతి దొంగ యాప్ చేతికి చిక్కితే అది మీ బ్యాలెన్స్ చదువుతుంది, ఓటీపీ చదువుతుంది, మీరు టైప్ చేసేది పట్టుకుంటుంది, చివరకు తనే డబ్బు పంపి 'సరే' నొక్కుతుంది. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ అంటూ వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లలో (నొక్కితే ఫోన్‌లో యాప్ పెట్టే ఫైళ్లు) చాలా వాటి గురి ఈ అనుమతి మీదే, కాకపోతే ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి మీద. పత్రికైతే ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు.

చూపున్నవారికి ఫైలు పేరు చివర ఉన్న 'ఏపీకే' కనీసం కంట పడుతుంది. టాక్‌బ్యాక్ వేగంగా వినేవారు పేరు మొదటి సగం వినగానే తట్టేస్తారు, తోక వినపడదు. అనుమానం ఉన్నచోట మూడు వేళ్లతో పైకో కిందికో జరిపి 'అక్షరాలు' వచ్చేదాకా మార్చుకోండి. ఆపైన ఒక వేలితో కిందికి జరుపుతూ పోతే పేరు ఒక్కో అక్షరంగా వినిపిస్తుంది. చుక్క తర్వాత ఏముందో వినకుండా ఏ ఫైలూ తెరవొద్దు.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఫైలుతో పెట్టిన యాప్ ఈ అనుమతి అడిగితే 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని ఫోన్ ఆపేస్తుంది. దొంగలు దానికీ మందు కనిపెట్టారు. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, యాప్ ఇన్‌ఫోలోకి వెళ్లి మూడు చుక్కలు నొక్కి 'అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' ఎంచుకోమని చెబుతారు. ఎవరైనా ఆ మాట అన్నారంటే వాళ్లు దొంగలే, ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, అందులో 'డౌన్‌లోడెడ్ యాప్స్' లేదా 'ఇన్‌స్టాల్డ్ సర్వీసెస్' తెరవండి. టాక్‌బ్యాక్ ఇక్కడో, యాక్సెసిబిలిటీలోనే విడిగానో ఆన్‌లో ఉంటుంది, మీరు కావాలని పెట్టుకున్నది ఇంకొకటి ఉంటే ఉండొచ్చు. 'అప్‌డేట్', 'సపోర్ట్', 'ఇన్విటేషన్' లాంటి పేరుతో ఏదైనా కనిపిస్తే ఆపేసి, ఆ యాప్‌ను తీసేయండి. తీయబోతే పేజీ దానంతటదే మూసుకుపోతోందా? ఆ యాప్ మీకంటే ముందు 'వెనక్కి' నొక్కుతోందన్నమాట. అప్పుడు పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కిపట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. అక్కడ బయటి యాప్‌లు పనిచేయవు. చిక్కేమిటంటే, మీరు తెలుగు గొంతు కోసం విడిగా దించుకున్న టీటీఎస్ ఇంజిన్ (రాతను మాటగా మార్చే యాప్) కూడా పనిచేయదు, టాక్‌బ్యాక్ ఉన్నా మాట రాకపోవచ్చు. కాబట్టి ముందే ఫోన్‌తో వచ్చిన టీటీఎస్‌కి మార్చుకోండి, లేదంటే నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అనే జాబితాలో ఆ దొంగ యాప్ ఉంటే అక్కడ ముందు ఆపాలి, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ కాదు.

ఈలోగా ఇంట్లో వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలు దాటకముందే ఆపే అవకాశం అంత. శుభ్రం చేశాక కూడా నా సలహా ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త పిన్‌లు పెట్టుకోమనే. కావలి అమ్మమ్మ ఫోన్‌కు అక్కర్లేని పని మీ ఫోన్‌కు కావాలి.

ఇదంతా అయ్యాక, టాక్‌బ్యాక్ ఒక్కటే మిగిలినా బ్యాంకు యాప్ 'ఆపితేనే ముందుకు' అంటోందా? అయితే తప్పు ఆ యాప్‌ది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దొంగ దూరే దారి అని గుడ్డిగా తలుపు మూసేశారు, ఇంట్లో మనిషి బయట నిలబడ్డాడు. వేరే దారి లేక కాదు. ఆండ్రాయిడ్ 14లో యాప్ తయారుచేసే డెవలపర్ స్క్రీన్‌లో ఒక భాగానికి ఒక్క గుర్తు పెడితే, నిజమైన సహాయక సాధనంగా ప్రకటించుకున్న సర్వీసులకు తప్ప మిగతా వాటికి ఆ భాగం కనపడదు. టాక్‌బ్యాక్ చదువుతుంది, అలా ప్రకటించుకోని పెళ్లి పత్రిక యాప్ చదవలేదు. ఆ కాస్త పని చేయకుండా అందరినీ కలిపి ఆపడం బద్ధకం.

ఈ బద్ధకం అక్కడితో ఆగదు. రంగులు మార్చి కొత్త అప్‌డేట్ వదులుతారు, నిన్నటిదాకా 'పంపు' అని చదివిన బటన్ ఇవాళ 'బటన్, అన్‌లేబుల్డ్' అంటుంది. బొమ్మకు ఒక్క మాట వివరణ రాయడానికి డెవలపర్‌కు నిమిషం పట్టదు. ఆ నిమిషం మిగుల్చుకున్నందుకు మీరు వరసగా ఆరు పేరులేని బటన్ల మధ్య ఏది డబ్బు పంపుతుందో ఊహించుకోవాలి. కొన్నిటికి టాక్‌బ్యాక్ మెనూలో మీరే పేరు పెట్టుకోవచ్చు గానీ, డబ్బు విషయంలో అది తాత్కాలికమే. మనిషెవరో సరిచూసుకునే కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పమనడం ఇంకా ఘోరం. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది, కేవైసీ అందరికీ వీలయ్యేలా మార్చమని ఆదేశాలూ ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. కాబట్టి బ్యాంకుకు బతిమాలుతూ కాదు, ఈ రెండూ ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, రసీదు నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు.

కొట్లో వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మూడు వేళ్లతో ఒకసారి తడితే వచ్చే టాక్‌బ్యాక్ మెనూలో 'హైడ్ స్క్రీన్' ఉంటుంది. అది పెడితే స్క్రీన్ నల్లగా ఉంటుంది, మీకు మాత్రం వినిపిస్తుంది. పిన్ కొట్టేటప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోన్ తప్పనిసరి, లేకపోతే మీ వేలి కింది అంకెలు గల్లాపెట్టె దగ్గర నిలబడ్డవాళ్లకూ వినపడొచ్చు. డబ్బు వచ్చిందా లేదా అన్నది సౌండ్‌బాక్స్ తెలుగులో చెబితేనే నమ్మండి, 'స్క్రీన్ మీద వచ్చేసింది అన్నా' అన్న మాట వద్దు. నోట్లకు రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న తెచ్చిన 'మణి' యాప్ ఉంది, నెట్ లేకుండా పనిచేస్తుంది. అది నోటు ఎంతో చెబుతుంది గానీ అసలో నకిలీయో చెప్పదు.

ప్రశ్న: షుగర్ వల్ల చూపు తగ్గిన రిటైర్డ్ టీచర్‌ని. మాగ్నిఫికేషన్ పెట్టినప్పటి నుంచి ఫోన్ నిదానించింది. ర్యామ్ చాలట్లేదా? (ఒంగోలు)

ర్యామ్ కాదు మాస్టారూ. మూడుసార్లు తడితే పెద్దదయ్యే షార్ట్‌కట్ ఎంచుకున్నారు. మీరు తట్టిన ప్రతిసారీ రెండోదీ మూడోదీ వస్తాయేమోనని ఫోన్ క్షణం ఆగుతుంది. ఆ షార్ట్‌కట్ తీసి, స్క్రీన్ మీద ఉండే యాక్సెసిబిలిటీ బటన్‌కు మార్చండి. అక్షరాలతో పాటు 'డిస్‌ప్లే సైజ్' కూడా ఒక మెట్టు పెంచితే మాగ్నిఫికేషన్ అవసరమే తగ్గుతుంది.